ముసలి చెరువు కట్ట: మత్తడి పెంచాలా, దించాలా, కట్టనే కోసేయాలా?

2023 జులై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. రెండు రోజులకే వరంగల్ భద్రకాళి చెరువుకు పోతననగర్ వైపు గండి పడింది. అంతకు ముందేడాది నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది; ఒక గేటు మొరాయించింది, నీళ్లు గేట్ల పైనుంచి కూడా దుంకాయి. ఇలాంటి పాత కట్టలకు మన ముందున్న దారులు మూడు: మత్తడి, అంటే చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు, పొడవు పెంచడం; దాని ఎత్తు దించడం; కట్టనే కోసేయడం.

ముందు లెక్క చూద్దాం. పది చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న ఊరచెరువు మీద లక్ష్మీదేవిపేట వాన పడిందనుకోండి: 65 లక్షల ఘనపు మీటర్ల నీళ్లు. మూడో వంతు నేల తాగినా, రోజంతా సగటున సెకనుకు 50 ఘనపు మీటర్లు వస్తాయి. 30 మీటర్ల పొడవు మత్తడి మీద మీటరు ఎత్తున నీళ్లు దుంకితే పోయేది కూడా దాదాపు అంతే. సరిపోయినట్టే ఉంది కదా? కానీ వాన సగటు చూసుకుని పడదు. సగం వాన నాలుగు గంటల్లో కొడితే వరద సగటుకు మూడింతలు. మత్తడికీ కట్ట తలకూ మధ్య మీటరే తేడా ఉంటే నీళ్లు కట్టెక్కుతాయి. ఎక్కిన నీళ్లు వెనక వాలును కింది నుంచి కోసుకుంటూ పైకొస్తాయి, గంటల్లో గండి.

అందుకే మా ఓటు మొదట మత్తడి పొడవు పెంచడానికే. 30ని 60 చేస్తే అదే ఎత్తులో రెండింతల నీళ్లు పోతాయి, నిల్వ చుక్క తగ్గదు. అయితే మత్తడి ఒక్కటే పెంచి, దాని కింది వాగును కబ్జాల మధ్య పది అడుగులకే వదిలేస్తే లాభం లేదు. నీళ్లు వెనక్కి తన్ని మత్తడి మునుగుతుంది, లెక్క తప్పుతుంది. దుంకే చోట రాతి పరుపు లేకపోతే పునాది కింద గుంత పడి మత్తడే ఒరుగుతుంది.

మత్తడి దించడం చవక. గడ్డపారలతో ఒక్క రోజు పని. కానీ చెరువు పళ్లెంలా పైకి వెడల్పవుతుంది గనుక, మూడు మీటర్ల లోతు చెరువులో అర మీటరు దించితే మూడో వంతుకు పైగా నీళ్లు పోతాయి. యాసంగి పంట పోయినట్టే. అయినా కట్టకు బుంగ పడితే రిపేరు అయ్యేదాకా ఇదే దిక్కు. ఊట అంతా ప్రమాదం కాదు. కట్ట వెనక ఊరే నీళ్లను గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే కనిపెట్టుకుని ఉంటే చాలు. అడుగున మట్టి పేరితే కట్ట లోపల సొరంగం పడుతున్నట్టు. అప్పుడు వెనక నుంచి బంకమట్టితో పూడ్చొద్దు, నీళ్లు పక్కన ఇంకో దారి వెతుక్కుంటాయి. బుంగ మీద ముందు ఇసుక, దానిపై కంకర పరిచి, చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చాలి. నీరు బయటికి రావాలి, మట్టి లోపలే ఆగాలి. చెరువును తూము ద్వారా రోజుకు అడుగుకు మించకుండా దించాలి. ఒక్కసారిగా దించితే నానిన లోపలి వాలు జారి కిందికొస్తుంది.

ఇక కట్ట తీసేయడం. అమెరికాలో ఎల్వా నది మీద రెండు డ్యాములను 2011 నుంచి 2014 దాకా అంచెలంచెలుగా పగలగొట్టారు. అవి కరెంటు కోసం కట్టినవి. కడెం కింద వేల ఎకరాల ఆయకట్టుంది, పాకాల, రామప్ప చెరువులు 800 ఏళ్లుగా పొలాలు తడుపుతున్నాయి. వీటిని తీసేయమనడం మాటవరసకైనా అనలేం. కడెంకు కావాల్సింది ఏటా మే నెలలో ప్రతి గేటునూ పూర్తిగా ఎత్తి దించి చూడటం, తుప్పు పట్టిన రోపు మార్చడం, కరెంటు పోతే ఆదుకునే జనరేటర్. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది చైన్ తెగినందుకే.

తీసేయాల్సినవి వేరే ఉన్నాయి: పూడిక నిండి, తూము మూసుకుపోయి, ఆయకట్టు ప్లాట్లుగా మారి, కట్ట కింద ఇళ్లున్న చిన్న కుంటలు. పదిహేను మీటర్ల లోపు కట్టలు చాలావరకు 2021 డ్యామ్ భద్రతా చట్టం కిందికి రావు, అడిగే నాథుడూ తక్కువే. వాటిలోనూ బతుకమ్మ వేసే చెరువుల జోలికి వెళ్లే ముందు ఊరంతా కూర్చోవాలి. మనవన్నీ గొలుసుకట్టు చెరువులు. పైది కోస్తే ఆ వరద కింది చెరువు నెత్తిన పడుతుంది. కాబట్టి ముందు కింది చెరువు మత్తడి పెంచాలి, తర్వాతే పైదాన్ని ఎండాకాలంలో ఖాళీ చేసి కోయాలి. గండి వెడల్పు పాత వాగు వెడల్పుకు తగ్గొద్దు. పక్కలను నిటారుగా వదలకుండా, మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు ఇచ్చి రాయి పేర్చాలి. పూడికను ముందే పొలాలకు తోలాలి, లేదంటే మొదటి వానకే కింది చెరువులో చేరుతుంది.

ఇవన్నీ చేసినా మా భయం ఇంజినీరింగ్ గురించి కాదు. కట్ట లేని శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) మరుసటేడు వెంచర్ అవుతుంది, వాగు నడిచే దారిలో గోడ లేస్తుంది. అందుకే జేసీబీ దిగక ముందే వాగు హద్దులు సర్వే చేయించి, రాళ్లు పాతించి, రెవెన్యూ నక్షలో ఎక్కించాలి.