విష్‌బ్రింగర్: కోరికల రాయి చేతిలో ఉన్నా కోరకుండా ఆడవలసిన ఆట

1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమోడోర్ 64 మీద నేను మొదటినుంచి చివరిదాకా అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడిన ఆట ఏదంటే తడుముకోకుండా విష్‌బ్రింగర్ పేరు చెబుతాను. ఇన్ఫోకామ్ సంస్థ 1985లో విడుదల చేసిన ఈ టెక్స్ట్ అడ్వెంచర్‌లో ఒక్క బొమ్మ కూడా ఉండదు. తెర మీద కనిపించే వర్ణన చదివి, తరువాత ఏం చేయదలచుకున్నామో ఇంగ్లీషులో టైపు చేయడమే ఆట. దీని రచయిత బ్రయన్ మోరియార్టీ. ట్రినిటీ, లూమ్ ఆటలు ఆ తరువాత ఈయన చేతినుంచే వచ్చాయి. కొత్తవారికి అనువైనదని సంస్థే చెప్పి అమ్మిన ఆట కాబట్టి నిడివి తక్కువ. దారి తెలిసినవారు ఒక్క సాయంత్రంలో ముగించగలరు. అయినా ఇన్నేళ్లుగా దాన్ని పక్కన పెట్టలేకపోయాను.

ఆటలో మనం ఫెస్టరన్ అనే చిన్న ఊళ్లో పోస్టాఫీసు గుమాస్తాలం. డ్రాగన్‌ను ఎదిరిస్తున్నట్టు పగటికల కంటుండగా పోస్టుమాస్టరు క్రిస్ప్ కసిరి లేపి, కొండ అంచున ఉన్న మంత్రాల కొట్టుకు ఒక ఉత్తరం చేర్చి రమ్మంటాడు. ఆ కొట్టు నడిపే ముసలమ్మ నల్లపిల్లిని ఎవరో ఎత్తుకుపోయారన్న సంగతి ఉత్తరంలో ఉంటుంది. ఆమె మాట విని బయట అడుగు పెట్టేసరికి ఊరు ఊరంతా విచ్‌విల్‌గా మారిపోయి ఉంటుంది. వీధుల్లో పెద్ద పెద్ద బూట్లు గస్తీ తిరుగుతుంటాయి, మామూలు పోస్టు డబ్బాలకు ప్రాణం వస్తుంది, వాటిలో ఒక బుల్లి డబ్బా కుక్కపిల్లలా గెంతుతూ మన వెంట పడుతుంది. అప్పటిదాకా ఒక్కో సందూ తిరిగి మనసులో గీసుకున్న పటం మారదు, దానిలోని ప్రతి చోటు స్వభావం మాత్రం తలకిందులవుతుంది. హాస్యమూ భయమూ రెండూ ఆ పోలికలోనే పుడతాయి కాబట్టి, మొదటిభాగంలో ఊరు తిరగడానికి బద్ధకించినవారికి రెండోభాగం సగం రుచే ఇస్తుంది.

ఆటకు ప్రాణం కోరికలు తీర్చే రాయి. వాన, సలహా, ఎగరడం, చీకటి, ముందుచూపు, అదృష్టం, స్వేచ్ఛ అని మొత్తం ఏడు కోరికలు. ఒక్కొక్కటి ఒక్కసారే పనిచేస్తుంది. ఊరికే కోరితే చాలదు. వాన కావాలనుకునేవాడి చేతిలో గొడుగు ఉండాలి, ఎగరాలనుకుంటే చీపురుకట్ట కావాలి, చీకటి కావాలంటే చీకట్లోనే బతికే గ్రూ అనే భయంకర జంతువు పాలు తాగాలి. గొడుగు తెచ్చుకున్నవాడికే వాన కురిపించే ఈ తర్కానికి నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. అసలు చమత్కారం మార్కుల దగ్గర ఉంది. కోరిక వాడి చిక్కు విప్పుకున్నా కథ ముందుకు సాగుతుంది కానీ, నూటికి నూరు మార్కులు కావాలంటే రాయిని ఒక్కసారి కూడా వాడకుండా బుర్రతోనే బయటపడాలి. మొదటిసారి నేను అడ్డం వచ్చిన ప్రతిచోటా రాయిని ఆశ్రయించి ముగించాను, గెలిచాననే అనుకున్నాను. రెండోసారి కోరకూడదని పట్టుబట్టి ఆడినప్పుడు, మొదటి ఆటలో దాటేసిన చిక్కులన్నిటికీ పరిష్కారాలు నా కళ్లముందే పడి ఉన్నాయని తెలిసింది. సులభ స్థాయి, కష్ట స్థాయి అని వేరే మీట పెట్టకుండా, ఆ ఎంపికనే కథలోని ఒక వస్తువుగా మార్చి ఆటగాడి జేబులో పెట్టిన పద్ధతి ఇంత పొందికగా నేను మరో ఆటలో చూడలేదు.

చిక్కుల్లో నాకు నచ్చినవి దయతో ముడిపడినవి. గుంటలో పడిన ప్లాటిపస్ అనే జంతువును బయటికి తీయడం వంటి పనులు అప్పటికి అనవసరమైన దారిమళ్లింపులా కనిపిస్తాయి, కానీ ఆ సాయం ఏదో ఒక రూపంలో తిరిగి వస్తుంది. అయితే ఇన్నిసార్లు ఆడాక చిక్కులు సహజంగానే పాతబడతాయి, పాతబడనిది వాక్యం. వర్ణనలు పొట్టిగా, బిగువుగా ఉంటాయి, వ్యంగ్యం ఒక్క విశేషణంలో వచ్చి పోతుంది.

నచ్చనివి లేకపోలేదు. ఆటలోని గడియారం నిరంతరం నడుస్తూ ఉండటం వల్ల, తీరిగ్గా ప్రతి వస్తువునూ పరిశీలించే నాలాంటివాడు వెనుకబడతాడు. కొత్తవారి కోసం రాసిన ఆటకు ఇది తగదని నా అభిప్రాయం. పార్సర్, అంటే మనం టైపు చేసిన మాటలను అర్థం చేసుకునే భాగం, ఆ కాలానికి చాలా తెలివైనదే అయినా, పదంలో మొదటి ఆరు అక్షరాలనే చూస్తుంది. ఆటను తరచుగా, వేర్వేరు చోట్ల సేవ్ చేసుకోవడం తప్పనిసరి.

అసలు యంత్రం మీద ఆడటం గురించి ఒక మాట. ఈ కోవకు చెందిన కథా ఫైలు 128 కిలోబైట్ల దాకా ఉండవచ్చు. కమోడోర్ మెమరీ 64 కిలోబైట్లే. అందుచేత కథ ముక్కలుముక్కలుగా ఫ్లాపీ నుంచి వస్తూ పోతూ ఉంటుంది, ఆ ఫ్లాపీని చదివే 1541 డ్రైవ్ నెమ్మదితనం సంగతి వాడినవారందరికీ తెలిసిందే. మొదట్లో ఆ ఆగడం విసుగు పుట్టించేది. కొన్ని నెలలకు అదే నాకు ఆధారమైంది: పనికిరాని కమాండ్‌కు అరిగిపోయిన జవాబు మెమరీ నుంచి వెంటనే వచ్చేస్తుంది, కొత్త సంగతి ఏదైనా ఉంటే మాత్రం డ్రైవ్ దీపం వెలిగి గరగర మొదలవుతుంది. ప్రతిసారీ నిజం కాకపోయినా, ఆ గరగర విని మరో రెండు ప్రయత్నాలు చేసి దారి పట్టుకున్న సందర్భాలు నాకు చాలానే ఉన్నాయి. ఇలాంటి కథా ఫైళ్లను నడిపే ఫ్రాట్జ్ వంటి ఇంటర్‌ప్రెటర్ ప్రోగ్రాముల్లో నేటి కంప్యూటర్ల మీద ఆట చక్కగా నడుస్తుంది, 40 అక్షరాల ఇరుకు వరుసల బాధ కూడా ఉండదు, కానీ ప్రతి జవాబూ ఒకే వేగంతో వచ్చి పడటం వల్ల ఈ ఆధారం పోతుంది. అందుకే పాత కమోడోర్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో ఆడేటప్పుడు కూడా డ్రైవ్‌ను దాని అసలు వేగంతోనే నడవనిచ్చి, చప్పుడు వినిపించేలా పెట్టుకుంటాను.