డాన్ పావెల్ నవలల సెట్: కొనండి, కానీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి

లైబ్రరీ ఆఫ్ అమెరికా అనే ప్రచురణ సంస్థ 2001లో అచ్చువేసిన అమెరికన్ రచయిత్రి డాన్ పావెల్ నవలలు రెండు సంపుటాలు. 1930–1942 మధ్య వచ్చిన ఐదు నవలలు మొదటిదాంట్లో, 1944–1962 మధ్యవి నాలుగు రెండోదాంట్లో ఉన్నాయి. సంపాదకుడు టిమ్ పేజ్. పావెల్ జీవితచరిత్ర రాసింది, డైరీలూ ఉత్తరాలూ వెలికి తెచ్చింది ఆయనే కాబట్టి పాఠం విషయంలో బెంగ అక్కర్లేదు.

చిక్కంతా వరసతోనే. నవలల్ని వెలువడిన క్రమంలో పేర్చారు. న్యూయార్క్ మీద పదునైన వ్యంగ్యం రాసిన మనిషని విని పుస్తకం తెరిచినవాళ్లకి ముందుగా తగిలేది ‘డాన్స్ నైట్’ (1930). అది ఒహాయోలోని ఒక ఫ్యాక్టరీ ఊరి కథ. టోపీల కొట్టు నడిపే తల్లి, ఆ కొట్టు పైన గదిలో ఉక్కిరిబిక్కిరయ్యే కొడుకు, గురువారం రాత్రి డాన్స్ హాల్ కోసం వారమంతా కాచుకునే జనం. గొప్ప నవల, పావెల్‌కి చాలా ఇష్టమైనది కూడా. కానీ నవ్వు కోసం వచ్చినవాళ్లు యాభై పేజీలకే పుస్తకం మూసేస్తారు. దాని వెనకే వచ్చే ‘కమ్ బ్యాక్ టు సొరెంటో’ ఇంకా నెమ్మది. 1932లో ఇది ‘ది టెన్త్ మూన్’ పేరుతో వచ్చింది, ఇక్కడ రచయిత్రి కోరుకున్న పేరే పెట్టారు.

అందుకని మొదటి సంపుటం చివర్నుంచి మొదలుపెట్టండి. అక్కడున్నది ‘ఎ టైమ్ టు బీ బోర్న్’ (1942). పత్రికాధిపతిని పెళ్లాడి, అతని పత్రికల బలంతో రాత్రికి రాత్రి మహా రచయిత్రి అయిపోయిన అమాండా కీలర్ కథ ఇది. ‘టైమ్’ పత్రికాధిపతి హెన్రీ లూస్ భార్య, రచయిత్రి క్లేర్ బూత్ లూస్ పోలికలు ఆ పాత్రలో చాలానే కనిపిస్తాయి. ప్రేమలో దెబ్బతిన్న చిన్ననాటి స్నేహితురాలు విక్కీకి అమాండా న్యూయార్క్‌లో ఉద్యోగం ఇప్పిస్తుంది, విడిగా ఇల్లు చూపిస్తుంది. ఎంత మంచి మనసో అనుకుంటాం. ఆ ఇల్లు పగటిపూట తన రహస్య సమావేశాలకి కావాలన్నది తర్వాత తెలుస్తుంది. పావెల్ పనితనమంతా ఈ ఒక్క ఏర్పాటులో ఉంది: ఉపకారమూ నిజమే, స్వార్థమూ నిజమే, విక్కీకి లాభమూ నిజమే. ఎవరినీ దులిపేయదు, ఎవరినీ వదిలిపెట్టదు. దాని తర్వాత ‘టర్న్, మ్యాజిక్ వీల్’ (1936), ఆపైన వ్యాపారుల మీద రాసిన ‘ఏంజెల్స్ ఆన్ టోస్ట్’ (1940), అప్పుడు ‘డాన్స్ నైట్’ చదివితే దాని విలువ తెలుస్తుంది.

రెండో సంపుటంలో ముందు ‘ది లోకస్ట్స్ హావ్ నో కింగ్’ (1948) పట్టుకోండి. ‘ది వికెడ్ పెవిలియన్’ (1954)తో మొదలుపెడితే తడబడటం ఖాయం. అందులో కథానాయకుడు మనిషి కాదు, ఒక కెఫే. వచ్చీపోయే జనం ఎక్కువ. పైగా పావెల్ ఒకే అధ్యాయంలో ఒకరి మనసులోంచి ఇంకొకరి మనసులోకి చెప్పాపెట్టకుండా దూకుతుంది. కాగితం మీద పేర్లు రాసుకోండి: డాల్జెల్ స్లోన్, బెన్ ఫారెస్టర్, మారియస్. ఈ ముగ్గురు చిత్రకారులు గుర్తుంటే దారి తప్పరు. మారియస్ చనిపోయాడని వార్త రాగానే అతని బొమ్మల ధర లేస్తుంది. బతికుండగా అన్నం పెట్టని బొమ్మలు! ఆ గిరాకీ చూసి మిత్రులిద్దరూ అతని పేరు మీద కొత్త బొమ్మలు గీయడానికి కూర్చుంటారు. కళావ్యాపారం మీద ఇంత సూటి దెబ్బ అరుదు.

‘మై హోమ్ ఈజ్ ఫార్ అవే’ (1944) చదవబోయే ముందు మాత్రం వెనక ఉన్న జీవితకాల పట్టిక చూడండి. 1896లో ఒహాయోలోని మౌంట్ గిలియడ్‌లో పుట్టడం, చిన్నప్పుడే తల్లి పోవడం, రాసుకున్న కాగితాల్ని సవతితల్లి తగలబెట్టడం, ఇల్లు వదిలి షెల్బీలో ఉన్న తల్లి తోబుట్టువు దగ్గరికి పారిపోవడం తెలిస్తే, ఆ నవలలోని పిల్లల నిబ్బరం ఎక్కడిదో అర్థమవుతుంది. 1965లో పోయేనాటికి ఆమె పుస్తకాలు దాదాపుగా బజారులో లేవు. ఆమె అవశేషాలు న్యూయార్క్‌లోని హార్ట్ ఐలాండ్‌లో, దిక్కులేనివాళ్లని పాతిపెట్టే చోటికి చేరాయి. 1987లో అమెరికన్ రచయిత గోర్ విడాల్ రాసిన దీర్ఘ వ్యాసం తర్వాతే మళ్లీ అచ్చులు మొదలయ్యాయి.

తయారీ సంగతి: కుట్టు బైండింగ్, పేజీ గుర్తుకి రిబ్బన్, పల్చటి గట్టి కాగితం. లావు పుస్తకమైనా బల్ల మీద చక్కగా పరుచుకుంటుంది. విమర్శనాత్మక ముందుమాట లేదు, ఈ రచయిత్రి విషయంలో అది లోటే. వివరణలు చివర్లో ఉన్నాయి గానీ, పాఠంలో వాటికి ఏ గుర్తూ ఉండదు. పేజీ, లైను సంఖ్యలు పట్టుకుని వెతుక్కోవాలి. 1940ల న్యూయార్క్ పేర్లు తెలియనివాళ్లు అక్కడ రెండో గుర్తు పెట్టుకోవడం మేలు.

పదిహేను నవలల్లో ఆరు ఇందులో లేవు. మిగతావాటి మాటెలా ఉన్నా, ‘ది హ్యాపీ ఐలాండ్’ (1938) చేర్చాల్సింది. అది కావాలంటే విడి ప్రతి వెతుక్కోవాలి. ఒక్క సంపుటమే కొనగలిగితే మొదటిది తీసుకోండి. మిగిలిన డబ్బు 1995లో వచ్చిన ఆమె డైరీల మీద పెట్టండి.