లోరా మెసేజ్ పరికరాలు కొనబోయేవారికి జాగ్రత్త హెచ్చరిక

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు తీరంలో పడవలున్న మా ఆరు కుటుంబాలవారం తలా కొంత వేసుకుని ఆరు లోరా (మొబైల్ టవరు లేకుండా, రేడియో ద్వారా దూరానికి చిన్న కబుర్లు పంపే పద్ధతి) మెసేజ్ పరికరాలు తెప్పించుకున్నాము. నెల తిరగకుండానే వాటిని పక్కన పెట్టవలసి వచ్చింది. ఇలాంటివే కొనాలనుకుంటున్నవారు డబ్బు కట్టేముందు ఇది చదవాలని కోరుతున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. టవరు పడిపోయినా ఒడ్డుకూ పడవకూ మధ్య కబురు అందే ఏర్పాటు ఒకటి ఉండాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాము. లైసెన్సు అక్కరలేని 865–868 మెగాహెర్ట్జ్ బ్యాండులో, చిన్న బ్యాటరీతో పనిచేసే లోరా అందుకు తగినదే. మా ఫిర్యాదు రేడియో మీద కాదు, అందులో పెట్టిన ఎన్‌క్రిప్షన్ (కబురును ఇతరులు చదవలేకుండా మూసే ఏర్పాటు) మీద.

పెట్టె మీద "మిలిటరీ స్థాయి ఏఈఎస్ భద్రత" అని ఉంది. ఏఈఎస్ అంటే కబురును 16 బైట్ల దిమ్మెలుగా మూసే ఒక ఎన్‌క్రిప్షన్ పద్ధతి. పాలిటెక్నిక్ చదివిన మా మేనల్లుడు మరొక లోరా బోర్డును లాప్‌టాప్‌కు తగిలించి, అరుగు మీద కూర్చుని మా మెసేజ్‌లను పట్టి చూశాడు. "తిరిగి రండి" అని మూడుసార్లు పంపితే, తెర మీద మూడుసార్లూ ఒకే 32 బైట్లు, ఒక్క అక్షరం తేడా లేకుండా కనిపించాయి. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు తీసుకుంటాయి కాబట్టి మధ్యనున్న ఖాళీతో కలిపి ఆ మాట 31 బైట్లు, ఒక బైటు పూరిస్తే 32, అంటే సరిగ్గా రెండు ఏఈఎస్ దిమ్మెలు. ఏఈఎస్ గట్టిదే, కానీ ప్రతి దిమ్మెనూ విడివిడిగా, ఒకే తీరున మూసే ఈసీబీ పద్ధతిలో వాడితే ఏ మాట మళ్ళీ వచ్చిందో తాళం చెవి (మూసిన కబురును తెరిచే రహస్య కోడు) లేనివాడికి కూడా తెలిసిపోతుంది.

అంతకన్నా భయపెట్టినది తరువాత జరిగింది. పంపిన పరికరాన్ని ఆపేసి, పట్టి ఉంచిన ఆ బైట్లనే అతడు తన బోర్డు నుంచి మళ్ళీ వదిలితే, మా పరికరం బీప్‌మని "తిరిగి రండి" అని కొత్త మెసేజ్‌లా చూపింది. "గాలి తగ్గింది, బయలుదేరవచ్చు" అన్న నిన్నటి కబురును ఎవరైనా ఇలాగే ఈరోజు వదిలితే పడవలో ఉన్నవారి గతి ఏమిటి?

అమ్మినవారికి ఫోను చేస్తే, ఆ మోడల్ పరికరాలన్నిటికీ తాళం చెవి ఒకటేననీ, దాన్ని మార్చే వీలు లేదనీ, బ్యాటరీ ఆదా కోసమే తేలిక ఎన్‌క్రిప్షన్ పెట్టామనీ చెప్పారు. పెట్టె విప్పిన సరుకు వెనక్కి తీసుకోలేదు. అదే మోడల్ కొన్న ఎవరైనా మా మాటలు చదవగలరన్నమాట.

బ్యాటరీ సాకును నమ్మకండి. ఎక్కువ దూరం కోసం లోరాను బాగా నెమ్మదిగా పంపించే ఎస్ఎఫ్12, 125 కిలోహెర్ట్జ్ అమరికలో 32 బైట్లు పంపడానికి రేడియోకు దాదాపు 1.8 సెకన్లు పడుతుంది, బ్యాటరీ ఖర్చయ్యేది అక్కడే. రెండు దిమ్మెల ఏఈఎస్ లెక్క చిన్న చిప్‌లో కూడా వెయ్యో వంతు సెకనుకు అటూ ఇటూగా ముగుస్తుంది. అదనపు ఖర్చు ఉన్నదల్లా అదనపు బైట్లకే: పాత కబురు మళ్ళీ వస్తే పట్టుకునేందుకు ప్రతి మెసేజ్‌కూ మారే 4 బైట్ల సంఖ్య, అసలు కబురేనని రుజువు చేసే 8 బైట్ల ముద్ర కలిపితే 1.8 కాస్తా 2.1 సెకన్లవుతుంది. ప్రాణాల కోసం వాడే వస్తువులో ఇది మిగుల్చుకోవలసిన ఖర్చు కానే కాదు.

తేలిక అంటే బలహీనం అని కూడా కాదు. చిన్న పరికరాల కోసమే పోటీ పెట్టి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో ఎంచుకున్న ఆస్కాన్, రహస్యాన్నీ ముద్రనూ కలిపే ఇస్తుంది. కనుక ఏ పద్ధతి వాడారు, ముద్ర ఉందా, తాళం చెవిని మనమే మార్చుకోగలమా అని రాతపూర్వకంగా అడగండి. బ్యాటరీ తీసి పెట్టాక, ప్రతి మెసేజ్‌కూ మారే ఆ సంఖ్య మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందా అన్నది తప్పక అడగండి, ఎందుకంటే అలా మొదలైతే పాత సంఖ్యలే తిరిగి వచ్చి మంచి పద్ధతి కూడా చెడిపోతుంది. మాలాగా ఒకేసారి ఆరు కొనకుండా ముందు రెండే తెప్పించుకుని, వెనక్కి పంపే గడువు ముగియకముందే తెలిసిన కుర్రవాడి చేత ఈ అరుగు మీది పరీక్ష చేయించండి.