తొలి 21 కిలోమీటర్ల కోసం 16 వారాలు: విశాఖలో ఒక పరుగు శిక్షణపై సమీక్ష

విశాఖపట్నం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున పరుగు నేర్పే బృందాలు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాని దగ్గర నేను ఆగస్టు చివరి వారం నుంచి డిసెంబరు దాకా 16 వారాల హాఫ్ మారథాన్ శిక్షణ తీసుకుని, విశాఖ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్ల విభాగాన్ని పూర్తి చేశాను. రుసుము 7,500 రూపాయలు. ఈ సమీక్షలో మెచ్చుకోలుతో పాటు ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉంది. దానిని వారికి నేరుగానే చెప్పాను కనుక బృందం పేరు ఇక్కడ రాయడం లేదు. నా వయసు 46, వృత్తి డిగ్రీ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పడం. చేరేనాటికి నాకు రెండేళ్ల నడక అలవాటు, ఆగకుండా మూడు కిలోమీటర్లు పరుగెత్తగల ఓపిక తప్ప మరే అర్హతా లేదు.

పరుగు పట్టిక కోసమైతే ఎవరికీ డబ్బు చెల్లించనక్కర లేదు. మంగళ, గురువారాల్లో చిన్న పరుగులు, శనివారం కండరాల బలానికి వ్యాయామం, ఆదివారం పొడవైన పరుగు, ఆ పొడవు వారం వారం కొద్దికొద్దిగా పెరుగుతూ చివరి రెండు వారాల్లో తగ్గిపోవడం: ఈ ఏర్పాటు అంతటా ఒక్కటే, ఉచితంగానే దొరుకుతుంది. చేరిన కొత్తలో ఆ పట్టిక చూసి, దీనికి ఇంత రుసుమా అని మా వారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. మూడో వారానికి జవాబు దొరికింది. మన వంటి వారిని పరుగెత్తించడానికి శిక్షకుడు అవసరం లేదు, ఆపడానికే అవసరం. తొలిసారి దూరపు పందేనికి సిద్ధమయ్యేవారిలో ఎక్కువమంది చేసే తప్పు బద్ధకించడం కాదు, ప్రతిరోజూ ఉన్న బలమంతా ఖర్చు పెట్టి రావడం. ఈ శిక్షణను నేను ఆ ఒక్క కొలతతోనే తూచాను.

నౌకాదళంలో పనిచేసి విరమణ పొందిన మా శిక్షకుడు మొదటి నెలంతా దాదాపు ఒకే మాట చెప్పారు: "మేడమ్, మీరు వేగంగా వెళ్తున్నారు, వెనక్కి రండి." పక్కన పరుగెత్తేవారితో ఆయాసపడకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగిన వేగమే సరైన వేగమని ఆయన నియమం. చేతి గడియారం చూపే గుండె లెక్కను ఆయన పెద్దగా పట్టించుకునేవారు కారు. ఒంటరిగా పరుగెత్తే మంగళవారాల్లో ఈ పరీక్ష ఎలా పెట్టుకోవాలో తెలియక, బడిలో నేర్చిన ఆటవెలదులను నాలుగు పాదాలూ ఒక్క ఊపున చెప్పుకోవడం మొదలుపెట్టాను. మూడో పాదంలో ఊపిరి అందకపోతే వేగం తగ్గించాలని అర్థం. సీస పద్యానికి మాత్రం ఈ రోజు వరకూ సాహసించలేదు. ఈ పద్ధతిలో నా మామూలు పేస్ కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాల దగ్గర స్థిరపడింది. వేగంగా నడిచే వారు నన్ను దాటిపోయిన రోజులు ఉన్నాయి. మొదట్లో అది చిన్నతనంగా ఉండేది.

విశాఖలో ఈ నెమ్మదితనానికి మరొక కారణం కూడా ఉంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, పట్టిన చెమట ఆవిరైతేనే చల్లబడుతుంది. సముద్రపు గాలిలోని తేమ వల్ల అది ఆవిరి కాకుండా ధారలుగా కారిపోతుంది, కాబట్టి చలికాలంలో హాయిగా సాగే వేగానికే సెప్టెంబరులో గుండె ఎన్నో రెట్లు కష్టపడుతున్నట్టు ఉంటుంది. బృందం ఈ సంగతిని మొదటి వారమే వివరించి, సెప్టెంబరు పరుగులన్నిటికీ కాలాన్ని లెక్కపెట్టకుండా శ్రమనే లెక్కపెట్టమని చెప్పింది. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక అనే పద్ధతిని కూడా అప్పుడే అలవాటు చేశారు. 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్ల పందెంలో పాల్గొన్న అమెరికన్ జెఫ్ గాలొవే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. అలసిపోయాక నడవడం వేరు, అలసట రాకముందే నడవడం వేరు అన్నదే ఇందులోని కిటుకు. మా బ్యాచ్‌లోని కుర్రవాళ్లు కొందరు నడకను అవమానంగా భావించి రెండు వారాల్లోనే మానేశారు. నేను పందెం రోజు కూడా వదలలేదు.

ఆదివారాల ఏర్పాట్ల గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే రుసుములో సింహభాగానికి న్యాయం జరిగింది అక్కడే. ఆర్.కె. బీచ్‌లోని కాళీమాత గుడి దగ్గర 4:45కు అందరం చేరేవాళ్లం. జలాంతర్గామి మ్యూజియం, లాసన్స్ బే మీదుగా ఉత్తరంగా సాగి, తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి పాదాన ఉన్న ఎత్తు ఎక్కి, జోడుగుళ్లపాలెం దాటి సాగర్ నగర్ వైపు వెళ్లడం, తిరిగి అదే దారిన రావడం. ఆ వేళకు ఆ దారిలో చాలా భాగం చీకటి, పైగా వీధి కుక్కలు. స్త్రీలు ఒంటరిగా చేయగల సాధన కాదది. చివరి వ్యక్తి వెనుక ఒక స్కూటరు ఎప్పుడూ నెమ్మదిగా వచ్చేది. ఆ స్కూటరు ముందు పరుగెత్తే చివరి వ్యక్తిని చాలా ఆదివారాలు నేనే. ప్రతి మూడు కిలోమీటర్లకు ఒక బల్ల, దాని మీద నీళ్లు, ఓఆర్ఎస్, అరటిపండు ముక్కలు ఉండేవి. దారి మధ్యలో బాత్రూమ్ వాడుకోవడానికి పాత బ్యాచ్ సభ్యురాలు ఒకరు తమ ఇంటి కింది వాటాను తెరిచి ఉంచేవారు. ప్రకటనలో లేని ఈ సౌకర్యం మా బ్యాచ్‌లోని తొమ్మిదిమంది ఆడవాళ్లకు పరుగు పట్టిక కన్నా విలువైనది.

తిండి, నీళ్ల విషయంలో వారి సలహాలు సగం బాగున్నాయి. కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండి పదార్థం గంటన్నర, రెండు గంటల పరుగు దాకా నెట్టుకొస్తుంది. అంతకు మించి సాగే వారు గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం దారిలోనే తీసుకోవాలని చెప్పడం సరైనదే. అయితే దానికి ఖరీదైన జెల్ పొట్లాలే మార్గమన్నట్టుగా ఒక తరగతి నడిచింది. నా కడుపుకు అవి పడలేదు. గింజ తీసిన ఖర్జూరాలు, చిటికెడు ఉప్పు కలిపిన నిమ్మరసం నాకు సరిపోయాయి, పరుగుకు ముందు పల్చటి చోడి (రాగి) అంబలి మరీ బాగా సరిపోయింది. నీళ్ల విషయంలో మొదట్లో ప్రతి బల్ల దగ్గరా ఒక గ్లాసు తాగి తీరాలని చెప్పేవారు. దాహం లేకున్నా నీళ్లు పట్టించడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువారిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం మామూలు స్థాయి కన్నా పడిపోయిందని 2005లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. దారిలో బరువు పెరిగేంతగా తాగిన వారిలోనే అది ముఖ్యంగా కనిపించింది. మా బ్యాచ్‌లోని ఒక వైద్యురాలు ఈ సంగతి ఎత్తిన తరువాత శిక్షకుడు అభ్యంతరపెట్టకుండా నియమం మార్చారు. పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుని ఎవరి లెక్క వారే కట్టుకోమన్నారు. 12 కిలోమీటర్ల పరుగుకు నా బరువు ఒక కిలో పైచిలుకు తగ్గేది. తప్పు తెలిశాక దిద్దుకునే గుణం వారిలో ఉందని అప్పుడు అనుకున్నాను.

అందుకే పదో వారంలో జరిగింది నాకు మరింత బాధ కలిగించింది. అక్టోబరు చివరి తుపాను వానలకు తొమ్మిదో వారమంతా పరుగు ఆగిపోయింది. ఆగితే ఆగింది, పట్టికలో ఒక వారం పోతే కొంప మునగదు. కానీ పందెం దగ్గరపడుతోందన్న తొందరలో బృందం ఆ వారం తప్పిన పొడవైన పరుగులో అధిక భాగాన్ని తరువాతి బుధవారానికి చేర్చింది. ఎనిమిదో వారంలో మొత్తం 24 కిలోమీటర్లు పరుగెత్తిన మేము, ఒక వారం విశ్రాంతి తరువాత పదో వారంలో ఒక్కసారిగా మొత్తం 33 కిలోమీటర్లు పరుగెత్తాం. అంటే మూడో వంతుకు మించిన పెంపు. నెమ్మదిగా వెళ్లమని తొమ్మిది వారాలు బోధించిన వారే ఆ ఒక్క వారం మమ్మల్ని తరిమారు. ఆదివారం 14 కిలోమీటర్లు ముగిసేసరికి నా ఎడమకాలి మోకాటి చిప్పకు దిగువన, ఎముక లోపలి అంచు పొడవునా సలుపు మొదలైంది. శిక్షకుడికి చూపిస్తే, ఈ దశలో అందరికీ మామూలేనని, ఐసు పెట్టుకుని మంగళవారం రమ్మని అన్నారు.

నేను వెళ్లలేదు, ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాను. ఆవిడ వేలితో ఎముక వెంట నొక్కుతూ చూసి, నొప్పి ఒక బిందువు దగ్గర కాకుండా జానెడు మేర పరుచుకుని ఉంది కనుక షిన్ స్ప్లింట్స్ (అతి శ్రమ వల్ల ముంగాలి ఎముక అంచున వచ్చే నొప్పి) కావచ్చునని, ఒకే చోట సూది గుచ్చినట్టు ఉంటే ఎముకలో పగులు ఉందేమో చూడవలసి వచ్చేదని చెప్పారు. పది రోజులు పరుగు బంద్. ఈ తేడా తెలుసుకోవడానికి శిక్షకుడు వైద్యుడు కానక్కర లేదు; "ముందు చూపించుకోండి" అనే ఒక్క మాట చాలు. మా 31 మంది బ్యాచ్‌లో ఆ వారం తరువాత కుంటుతూ వచ్చినవారిని నాతో కలిపి నలుగురిని లెక్కపెట్టాను. 7,500 రూపాయలు చెల్లించింది ఆపే మనిషి కోసమైతే, ఆపవలసిన ఒక్క వారంలోనే ఆ మనిషి ఆపలేదు.

ఆ పది రోజుల్లో వచ్చిన ఆదివారం పరుగెత్తలేక లాసన్స్ బే దగ్గరి బల్ల వద్ద నీళ్లు అందించాను. మూడున్నరకే లేచి ఐసు, పళ్లు, గ్లాసులు మోసుకొచ్చే కుర్రవాళ్లు ఇద్దరు, ఎవరు ఎన్నింటికి ఆ బల్ల దాటారో రాసుకునే కాగితం, దాటని వారి కోసం స్కూటరుకు వెళ్లే ఫోను, ఇవన్నీ అక్కడ నిలబడినప్పుడే చూశాను. పరుగెత్తేవారికి ఇదంతా కనపడదు. అంతకు ముందు ఇంట్లో రాసిపెట్టుకున్న కోపపు సందేశాన్ని ఆ పూట పంపకుండా మరునాడు కాస్త మర్యాదగా తిరగరాసి పంపాను.

బూట్ల గురించి రెండు ముక్కలు. బృందానికి ఒక దుకాణంతో తగ్గింపు ఒప్పందం ఉంది. మొదటి పందేనికి, వేగం కోసం అడుగున కార్బన్ ప్లేటు పెట్టిన జత కొనమని ఎవరైనా చెబితే వినవద్దు. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు తొడిగి చూసి, బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండే మామూలు జతను నేను కొన్నాను, అదీ ఒప్పందం లేని దుకాణంలో. ఎవరూ ఏమీ అనలేదు.

పన్నెండో వారంలో 8, తరువాత 12, ఆపైన 15 కిలోమీటర్లు పరుగెత్తాను. బ్యాచ్ అంతా ఋషికొండ వైపు వెళ్లి వచ్చిన 18 కిలోమీటర్ల పరుగు నాకు దక్కలేదు. చివరి రెండు వారాలు దూరం తగ్గించినప్పుడు కాళ్లు తేలికపడక పోగా బరువెక్కినట్టు అనిపించి కంగారుపడితే, అది చాలామందికి ఉండేదేనని శిక్షకుడు చెప్పారు; ఈసారి ఆయన మాట నిజమైంది. పందెంలో 18 కిలోమీటర్ల దాకా పద్యాలు సాగాయి, ఆ తరువాత అంకెలు మాత్రమే సాగాయి. 2 గంటల 41 నిమిషాలకు గీత దాటాను. మరునాడు కళాశాలలో రెండో అంతస్తు నుంచి మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని పక్కవాటుగా దిగుతుంటే విద్యార్థులు దారి ఇచ్చి నిలబడ్డారు.

జనవరిలో మొదలైన కొత్త బ్యాచ్‌లో మా ఆడపడుచు చేరింది. ఆమెకు ఇచ్చిన పట్టిక తెప్పించుకుని చూశాను. ఆదివారాల వరుస కింద రెండు వాక్యాలు కొత్తగా వచ్చాయి: తప్పిన పరుగును మరుసటి వారంలో కలపరాదు, రెండు రోజులకు మించి నిలిచిన నొప్పిని ఫిజియోథెరపిస్టుకు చూపించాకే తిరిగి రావాలి. రుసుము మాత్రం 500 రూపాయలు పెంచారు.