కప్పు కింద డెత్ సేవ్: చాలాకాలం ఆడిన తరువాత ఒక హౌస్ రూల్ గురించి

ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదవ ఎడిషన్‌కు మేము చేర్చుకున్న హౌస్ రూల్స్‌లో (సొంత నియమాల్లో) చాలావరకు కొద్ది నెలల్లోనే వాడుకలోంచి జారిపోయాయి. ఒక్కటి మాత్రం కాంపెయిన్లు (చాలాకాలం సాగే కథలు) మారినా నిలిచింది, దానిమీద నా ఇష్టం నేటికీ తగ్గలేదు. పాత్ర కుప్పకూలినప్పుడు ఆ ఆటగాడు డెత్ సేవ్ పాచికను, అంటే పాత్ర బతుకుతుందో లేదో తేల్చేందుకు ప్రతి వంతులో వేసే ఇరవై ముఖాల పాచికను, కప్పులో వేసి, బల్లమీద బోర్లించి, అలాగే వదిలేయాలి. తోటివారిలో ఒకరు వెళ్ళి తాకేవరకు, లేదా మంత్రంతో కోలుకునేలా చేసేవరకు, ఆటను నడిపే డంజన్ మాస్టర్‌నైన నాతో సహా ఎవరూ ఆ అంకెను చూడకూడదు.

ఈ పాచికలో పదికి తక్కువ పడితే వైఫల్యం, మూడు వైఫల్యాలైతే మరణం. మామూలుగా ఆడేటప్పుడు ఈ లెక్క అందరి కళ్ళెదుటే ఉంటుంది. ఒక్క వైఫల్యమే కదా, ఇంకో రౌండు ఆగవచ్చునని మిగిలినవారు నిబ్బరంగా పోరు కొనసాగిస్తారు. ఆఖరి క్షణంలో అరవై అడుగుల దూరం నుంచి గాయాలు మాన్పే హీలింగ్ వర్డ్ మంత్రం వేస్తే పడినవాడు లేస్తాడు, మరుసటి దెబ్బకు మళ్ళీ పడతాడు. తెలిసిన అంకెను బట్టి నడుచుకోవడం తెలివైన ఆటే కనుక అందులో ఆటగాళ్ళను తప్పుపట్టలేము. ఆ అంకెను దాచితే ఏమవుతుందో శిథిలమైన వంతెనమీద ఓగర్ అనే రాకాసితో జరిగిన పోరులో చూశాను. వైద్యమంత్రాలు తెలిసిన పాత్ర క్లెరిక్ పడిపోయి రెండు వంతులు గడిచాయి, రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. మరొక దెబ్బకు ఓగర్ కూలుతుందని అందరికీ తెలుసు. చివరి దెబ్బ తనదే కావాలని ఎప్పుడూ పట్టుబట్టే, ఫైటర్ (యోధుడు) పాత్ర ఆడే ఆటగాడు ఆ కప్పుల వంక చాలాసేపు చూసి, శత్రువును వదిలి ఆమె దగ్గరకు వెళ్తున్నానన్నాడు. ఆపర్చునిటీ అటాక్‌కు, అంటే దూరంగా జరిగేవారిపై శత్రువు వేసే అదనపు దెబ్బకు, అవకాశం ఇచ్చినట్టవుతుందని గుర్తుచేసినా ఆగలేదు. దెబ్బ తిని మరీ చేరుకుని కప్పులు ఎత్తాడు. మొదటి దానికింద 14, రెండో దానికింద 1. ఒకటి పడితే రెండు వైఫల్యాల కింద లెక్క. అంటే ఇంకొక్క చెడ్డ పాచిక పడివుంటే ఆమె మరణించేది. అతను హీలర్స్ కిట్ (చికిత్స సంచి) తెరిచే సమయానికి బల్లచుట్టూ ఎవరూ తమ కుర్చీల్లో కూర్చుని లేరు.

అయితే ఈ నియమం ప్రమాదాన్ని పెంచుతుందని చెప్పడం సరికాదు. మధ్యలో మరే గాయమూ కాకపోతే రెండు వంతుల్లోనే చనిపోయే అవకాశం నూటికి నాలుగుకు కాస్త ఎక్కువ మాత్రమే, కప్పు దాన్ని మార్చదు. పైగా 20 పడితే చిక్కు. ఆ అంకెతో పాత్ర ఒక హిట్ పాయింట్‌తో (ప్రాణబలాన్ని లెక్కించే అంకె) వెంటనే లేవాలి, కానీ అది కప్పుకింద ఉండిపోతే ఎవరికీ తెలియదు. ఒకసారి పోరు ముగిశాక చూస్తే మొదటి పాచికే 20, ఆ ఆటగాడి వంతులన్నీ వృథా అయ్యాయి. అప్పటినుంచి పడినవారు మాత్రం తమ పాచికను చూసుకుని, 20 అయితేనే ప్రకటిస్తున్నారు. దీంతో ఉత్కంఠ కొంత పలచబడింది, ఎందుకంటే మూడో వైఫల్యాన్ని చూసి కూడా ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా కూర్చోవడం అందరివల్లా అయ్యేది కాదు.

ఒకే బల్లచుట్టూ కూర్చుని, పాత్రలు మరణించవచ్చునని ముందే అంగీకరించిన బృందం మాది. ఆన్‌లైన్‌లో పాచికను దాచడం సులువే గాని, కళ్ళముందు కప్పు ఉన్నప్పటి ఒత్తిడి అక్కడ రాలేదు. కొత్తగా నేర్చుకునేవారికి పాచికలు కనబడడమే మేలు. మాలో హీలింగ్ వర్డ్ క్లెరిక్ ఒక్కదానికే తెలుసు. ఆ మంత్రం ముగ్గురికి తెలిసిన బృందంలో ఎవరూ పరుగెత్తవలసిన అవసరం రాదు కనుక, అక్కడ కూడా ఇదే ఫలితం ఉంటుందని నేను చెప్పలేను.