అంతా బాగుంది గానీ, ఆ చిన్న పైపు ఒక్కటి పెట్టి ఉంటే!

మా వాషింగ్ మెషీన్ మీద నాకున్న కోపమంతా జానెడు రబ్బరు పైపు గురించే. ఫ్రంట్ లోడ్ మెషీన్లకు ముందువైపు అడుగున చిన్న మూత ఉంటుంది కదా. అది తీస్తే లోపల గుండ్రటి ఫిల్టరు, చాలా మోడళ్లలో దాని పక్కనే బిరడా పెట్టిన సన్న పైపు. లోపల నీళ్లు ఆగిపోతే బిరడా పీకి, పైపును మగ్గులోకి వంచి మెల్లగా వదిలేసుకోవచ్చు. మేం కొన్నదానికి ఫిల్టరు ఉంది, పైపు లేదు. దానివల్ల కంపెనీకి ఎన్ని రూపాయలు మిగిలాయో గానీ, మాకు ఓ ఆదివారం రాత్రి నిద్ర పోయింది.

కరోనాకు ముందు కొన్న మెషీన్ ఇది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇదే కొనమని చెప్పాను. ఉతుకు వరకు ఆ మాట మీదే ఉన్నాను. వేడినీళ్లలో వేస్తే చొక్కా కాలర్లు, దిండు గలేబులు చేత్తో రుద్దాల్సిన పని లేదు. స్పిన్ తిరిగేటప్పుడు పైన గ్లాసుతో నీళ్లు పెట్టినా తొణకవని కూడా చెప్పేదాన్ని. అది మెషీన్ నేల మీద ఉన్నప్పటి మాట. ఇప్పుడు స్టాండు మీద ఉంది, గ్లాసు పెట్టే ధైర్యం లేదు.

భీమవరంలో పెళ్లికి వెళ్లొచ్చి, పట్టుబట్టలు పక్కన పెట్టి మిగతావన్నీ మెషీన్‌లో వేశాం. పంచెలు, లాల్చీలు, జాకెట్లు, వాటితోపాటే మర్నాటికి కావాల్సిన బాబు యూనిఫారం. జాడింపు మధ్యలో ఆగిపోయి, నీళ్లు బయటకు పోవడం లేదని కోడ్ చూపించింది. డ్రమ్ములో నీళ్లుంటే ఫ్రంట్ లోడ్ తలుపు తెరుచుకోదు. తెరుచుకుంటే వాష్ ఏరియా అంతా చెరువే కాబట్టి లాక్ పెట్టడం న్యాయమే. కాకపోతే అద్దంలోంచి యూనిఫారం కనిపిస్తూ, చేతికి అందకుండా ఉంటే ఆ న్యాయం తలకెక్కదు.

కస్టమర్ కేర్ వాళ్లు మంగళవారం అన్నారు. తెలిసిన మెకానిక్‌కు ఫోన్ చేస్తే, మెషీన్ మొహం చూడకుండానే "పంపు పోయింది మేడమ్, కొత్తది వెయ్యాలి" అని రేటు కూడా చెప్పేశాడు. మా ఆయన సరేననబోయారు. ముందు ఒకసారి వినండి అన్నాను. నీళ్లు బయటకు పంపే డ్రెయిన్ మాత్రమే ఆన్ చేసి కింద చెవి పెట్టి వింటే గుంయ్ మంటోంది, నీళ్లు మాత్రం కదలడం లేదు. ఇలాంటి రిపేరులో ఈ శబ్దమే సగం సంగతి చెబుతుంది. అసలు చప్పుడే లేకపోతే మోటారు కాలి ఉండవచ్చు, వైరు ఊడి ఉండవచ్చు, మెకానిక్ రావాల్సిందే. గుంయ్ మంటోందంటే కరెంటు అందుతోంది, కానీ పంపు రెక్కలకు ఏదో అడ్డుపడింది, లేదా నీళ్లు పోయే దారి ఎక్కడో మూసుకుపోయింది.

దారి చూడటం తేలిక కాబట్టి అదే ముందు చూశాం. వెనక బూడిదరంగు పైపు ఎక్కడా మడత పడలేదు. ఆ నీళ్లు దిగిపోయే నహానీ ట్రాప్‌లో (నేల తూములో) బకెట్ నీళ్లు పోస్తే గడగడా దిగిపోయాయి. అంటే అడ్డు లోపలే ఉంది.

ప్లగ్గు పీకేశాం. బటన్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి. వేడినీళ్ల ప్రోగ్రామ్ మధ్యలో ఆగితే చల్లారేదాకా ఆగాలి, లేకపోతే చెయ్యి కాలుతుంది. ఇక పైపు లేని పాపం ఇక్కడ మొదలైంది. ఫిల్టరు నేలకు ఎంత దగ్గరంటే దాని కింద మగ్గు పట్టదు, గిన్నె పట్టదు, చివరికి అన్నం తినే స్టీలు పళ్లెం పట్టింది. ఫిల్టరు కాస్త వదులు చెయ్యడం, పళ్లెం నిండగానే బిగించడం, ఒంచి పారబోయడం, మళ్లీ వదులు చెయ్యడం. నేను నేల మీద బోర్లా పడుకుని తిప్పుతుంటే మా ఆయన పళ్లెం మోశారు. ఇంట్లో ఉన్న పాత తువ్వాళ్లన్నీ తడిశాయి. డ్రమ్ములో ఉన్నది బకెట్టున్నర నీళ్లే అయినా పళ్లెంతో తోడితే ఎంతకీ తరగవు.

ఆ తర్వాత ఫిల్టరు పూర్తిగా బయటకు లాగాను. పుల్లటి కంపు. దాని జాలీ నిండా పసుపు రంగు బియ్యం, సగం నాని, సగం పిండై. అక్షింతలు! పంచె మడతల్లో, లాల్చీ జేబుల్లో ఉండిపోయినవన్నీ అక్కడికి చేరాయి. అత్తయ్య చూసి, "దీవెనలన్నీ మెషీన్‌కే తగిలాయే అమ్మాయ్" అన్నారు. బియ్యంతోపాటు జాకెట్ హుక్కు ఒకటి, ఎవరిదో పిన్నీసు.

ఫిల్టరు కడిగి పెట్టేస్తే సరిపోయేది కాదు. సెల్‌ఫోన్ లైటు వేసి ఆ రంధ్రంలోకి చూస్తే లోపల పంపు రెక్కలు కనిపించాయి. చీర ఫాల్ తాలూకు దారం వాటికి చుట్టుకుని, నూగు పట్టి దీపారాధన వత్తిలా పేనుకుపోయింది. కనుబొమలు తీసుకునే చిమటాతో కొద్దికొద్దిగా లాగాను. వేలితో తిప్పి చూస్తే రెక్క సాఫీగా తిరగలేదు, ఆగి ఆగి కదిలింది. గుండె జారింది గానీ, అది పాడైపోయిన లక్షణం కాదు. ఈ పంపుల్లో అయస్కాంతం ఉంటుంది, చేత్తో తిప్పితే అలా పట్టి పట్టి వదులుతుంది.

రబ్బరు వాషరు తుడిచి, ఫిల్టరు గట్టిగా బిగించి మళ్లీ డ్రెయిన్ పెడితే గుంయ్ శబ్దం పోయి నీళ్లు గలగలా వెళ్లాయి. పైసా ఖర్చు లేదు. ఈ పూట దాకా నడుస్తున్నది ఆ పాత పంపే.

బిగించడానికి వచ్చిన కుర్రాడు డెమోలో ప్రోగ్రామ్‌లన్నీ వివరంగా చూపించాడు, ఈ మూత ఊసెత్తలేదు. పైగా వెనక పైపు కొసను నేల మీదే వదిలేసి వెళ్లాడు. దాన్ని రెండు మూడు అడుగుల ఎత్తుకు ఎక్కించి అక్కడినుంచి వదలాలి. నేల మీద పడేస్తే నింపుతున్న నీళ్లు నింపుతున్నట్టే బయటకు జారిపోతాయి. ఈ రెండు ముక్కలు చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఆ రాత్రి తర్వాతే స్టాండు కొన్నాం, ఫిల్టరు కింద కనీసం కేకు గిన్నె పట్టాలని. అది పడుతోంది, బదులుగా దుప్పట్లు వేసిన రోజు స్పిన్‌లో మెషీన్ ఊగుతోంది. మాది బోరు నీళ్లు కాబట్టి ఫిల్టరు అంచున సున్నం కూడా పేరుకుంటోంది, అందుకే నెలకోసారి తీసి కడుగుతున్నాను. హుక్కులున్నవి జాలీ సంచిలో వేస్తాను, పెళ్లిబట్టలు బాల్కనీలో దులిపాకే లోపలికి.

కొనమంటారా అని అడిగితే, నేల మీద కూర్చుని లేవగలిగిన మనిషి ఇంట్లో ఉంటే కొనండి అంటాను. తెనాలిలో మోకాళ్ల నొప్పులతో ఒక్కతే ఉండే మా అమ్మకు మాత్రం టాప్ లోడే కొనిచ్చాను. వాటిలో చాలావాటికి పంపే ఉండదు, వాల్వు తెరుచుకుంటే నీళ్లు వాటంతట అవే దిగిపోతాయి. చొక్కాలు మా అంత తెల్లగా రావని ఆవిడ ఫిర్యాదు, అదీ నిజమే. మా ఆయనేమో దసరా ఎక్స్‌ఛేంజ్‌లో ఇదే కంపెనీ కొత్త మోడల్ తీసుకుందామంటున్నారు. షోరూమ్‌లో ముందు ఆ కింది మూత తీయించి చూస్తాను. పైపు లేకపోతే డిస్కౌంటు ఎంతిచ్చినా వద్దు.