స్నోడన్ వెళ్తున్నారా, కారు కిందే వదిలేయండి

వేల్స్‌లోని స్నోడోనియా (ఎరరి) జాతీయ పార్కులో స్నోడన్ కొండ ఎక్కడానికి వెళ్లేవాళ్లు కారును కొండ మొదలు దాకా తీసుకెళ్లాలని చూడకండి. కొండదారి మొదలయ్యే పెన్-అ-పాస్ దగ్గర పార్కింగ్ చిన్నది, సీజన్‌లో ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి. మేం కిందున్న నాంట్ పెరిస్ ఊళ్లో కారు పెట్టి, కొండ చుట్టూ తిరిగే షెర్పా బస్సెక్కి, ఏ టెన్షనూ లేకుండా చేరాం. ఈ బుకింగ్ గోల ఏమిటని విసుక్కునేవాళ్లు చాలామందే కనిపించారు గానీ, ఏడాదికి దాదాపు 6 లక్షల మంది వచ్చే 1,085 మీటర్ల కొండకు ఈ కట్టడి ఉండాల్సిందే.

ఎందుకో దారిలోనే అర్థమవుతుంది. హిమానీనదాలు గీకేసిన రాతి మీద మట్టి పొర పలచన, పైగా వానలెక్కువ. ముందువాళ్లను దాటడానికో బురద తప్పించుకోడానికో పక్కనున్న గడ్డి మీద అడుగేస్తారు, ఆ గడ్డి చచ్చిపోతుంది, వాన నీళ్లు అక్కడే పారి గాడి పడుతుంది, దాన్ని తప్పించుకోడానికి వెనకవాళ్లు ఇంకా పక్కకు జరుగుతారు. బాగుచేయాలంటే హెలికాప్టర్లో రాళ్లు తెచ్చి చేత్తో పేర్చాలి. ఆ రాతిమెట్లు మోకాళ్లకు కష్టమే, అయినా దయచేసి వాటి మీదే నడవండి. అరటి తొక్కలూ వెనక్కి తెచ్చేయండి, ఆ చలిలో అవి తొందరగా కుళ్లవు.

వారాంతంలో శిఖరం మీద ఫొటోకి క్యూ, చలిగాలిలో చాలాసేపు నిలబడ్డాం. నడవలేని పెద్దవాళ్లకు 1896లో మొదలైన రైలు ఉంది. చలికాలంలో మాత్రం అది పైదాకా వెళ్లదు, పైనున్న కేఫ్ కూడా మూసేస్తారు.

బసకు బెటస్-అ-కోయిడ్ ఊరి కంటే కొండ కిందున్న లాన్‌బెరిస్ నయం, కొండదారీ రైలూ బస్సూ అన్నీ అక్కడే. మా గెస్ట్‌హౌస్‌లో గది సరిగా వెచ్చబడలేదు, టిఫిన్ మాత్రం బాగుంది. అయినా ఊరివాళ్లు నడిపే అలాంటి చోటే దిగమంటాను. సెలవులకు మాత్రమే తెరిచే ఇళ్లు పెరిగేకొద్దీ ఊళ్లో పుట్టినవాళ్లకు ఇల్లు దొరకడం కష్టమవుతోంది, అందుకే ఇక్కడి స్థానిక పాలక సంస్థ గ్వినెడ్ కౌన్సిల్ 2023లో రెండో ఇళ్ల మీద కౌన్సిల్ ట్యాక్స్‌కు (ఇంటి పన్నుకు) అదనంగా 150 శాతం వేసింది.

అన్నిట్లో నాకు బాగా నచ్చింది ఇదే పార్కులో, కొండల మధ్య సరస్సున్న లోయ కుమ్ ఇడ్వాల్. సరస్సు చుట్టూ సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కువగా రాళ్లు పరిచిన బాటే. 1831లో తాను గమనించని హిమానీనదాల ఆనవాళ్లను డార్విన్ 1842లో మళ్లీ వచ్చి గుర్తించింది ఇక్కడే. ఓగ్వెన్ దగ్గర బస్సు దిగితే అక్కడే టాయిలెట్లున్నాయి, పొద్దున్నే వెళ్తే జనం తక్కువ.